రెజొనెన్స్ అంటే ప్రతిధ్వనేనా? 'అనునాదం' అని రాస్తే తప్పా?

చిట్టిగూడు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. నేను పిల్లల సైన్సు పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది శబ్దం గురించిన చిన్న పుస్తకం, ఏడు ఎనిమిది తరగతుల పిల్లలకు. అందులో రెజొనెన్స్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా 'అనునాదం' అని రాశాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివినదాన్ని, ఆ మాటే చేతికొచ్చింది.

మొన్న ప్రూఫు తిరిగొచ్చింది. ఎడిటర్ గారు పదకొండు చోట్లా అనునాదం కొట్టేసి ఎర్రసిరాతో 'ప్రతిధ్వని' అని దిద్దారు. మార్జిన్‌లో "పిల్లలకు తెలిసిన మాట వాడండి" అని ఒక ముక్క. ఆ దిద్దుబాటుతో ఒక వాక్యం ఇలా తయారైంది: "ఉయ్యాలను సరైన సమయంలో తోస్తూ ఉంటే ప్రతిధ్వని వల్ల అది పైపైకి లేస్తుంది." ఉయ్యాలకు ప్రతిధ్వని ఏమిటండీ? చదివిన పిల్ల ఏమనుకోవాలి? ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అయితే ఫోన్ చేసి వాదిద్దామంటే నా దగ్గర సరుకు లేదు. ఇంట్లో ఉన్న నిఘంటువు తీస్తే ప్రతిధ్వని, మారుమ్రోత, అనునాదం మూడూ ఒకే వరసలో ఇచ్చేశారు. పైగా "ఉయ్యాలలో నాదం మాత్రం ఎక్కడుంది?" అని వాళ్ళు ఎదురడిగితే ఏం చెప్పాలో తెలియదు. అసలు ఆ ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చింది, దానికి మన మాట ఏది? ఇంకో చిన్న సందేహం కూడా. "ఈ కథ నాతో రెజొనేట్ అయింది" అంటున్నారు ఈమధ్య. దాన్ని తెలుగులో ఎలా అంటాం? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి. వచ్చే సోమవారం లోపు ప్రూఫు పంపేయాలి.

---

కృష్ణాతీరం జవాబు:

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో 31 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఎక్కువగా తెలుగు మీడియం సెక్షన్లే. మీ అనునాదాన్ని వదులుకోకండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మా లాబ్‌లోకి రండి. ఒక పొడుగాటి గాజు గొట్టం, దాని అడుగున రబ్బరు ట్యూబు, ఆ ట్యూబు చివర నీళ్ళ డబ్బా. డబ్బా పైకెత్తితే గొట్టంలో నీళ్ళు లేస్తాయి, దించితే దిగుతాయి. 512 అని, అంటే సెకనుకు 512 కంపనాలని, చెక్కి ఉన్న శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కును) రబ్బరు దిమ్మె మీద కొట్టి గొట్టం మూతి దగ్గర పట్టుకోవాలి. శ్రుతిదండం గొంతు చాలా చిన్నది, చెవి దగ్గర పెట్టుకుంటేనే వినిపిస్తుంది. డబ్బాను మెల్లగా దించుతూ పోతే మొదట ఏమీ ఉండదు. నీటిమట్టం మూతి నుంచి పదహారు సెంటీమీటర్లు దాటే చోట గొట్టం ఒక్కసారిగా హూఁ మని పలుకుతుంది. వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. ఇంకో రెండు సెంటీమీటర్లు దించండి, మళ్ళీ నిశ్శబ్దం. అలాగే దించుకుంటూ పోతే యాభై దగ్గర రెండోసారి పలుకుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా పిల్లలు తెచ్చే రీడింగులు ఇంచుమించు 16.2, 50.3 ఉండేవి. తేడా 34.1 సెంటీమీటర్లు. దాన్ని రెట్టింపు చేసి 512తో గుణిస్తే సెకనుకు 349 మీటర్లు. అది ముప్పై డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని వేగం! ఒక గొట్టం, ఒక నీళ్ళ డబ్బా, ఒక చెవి, అంతే సరంజామా. ఆ లెక్క తేలినప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

ఇప్పుడు ఆ గొట్టం పని, గోడ పని పక్కపక్కన పెట్టి చూడండి. గోల్కొండ సింహద్వారం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందంటే అది గోడలూ కమానులూ చప్పుడును తిప్పికొట్టి పంపడం. ఎదుట గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటే మనం అరిచిన అరుపు విడిగా తిరిగి వినిపిస్తుంది, అదీ ప్రతిధ్వని. గోడకు మీరేం అరిచారన్నది పట్టదు. తిట్టినా, పాడినా, దగ్గినా తిప్పి పంపుతుంది. గొట్టం అలా చెయ్యదు. దాని పొడుగుకు తగిన స్వరాలు కొన్నే ఉంటాయి. వాటిలో ఒకటి వస్తేనే పలుకుతుంది, మిగతావాటికి ఉలకదు పలకదు. పుస్తకం భాషలో చెప్పాలంటే బయటి నుంచి వచ్చే కంపనాల పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్క) వస్తువు సహజ పౌనఃపున్యంతో సమానమైనప్పుడు కంపన పరిమితి (ఊపు ఎంత దూరం పోతుందన్నది) విపరీతంగా పెరగడం అనునాదం.

ఉయ్యాలకూ అంతే. అట్లతద్దికి చింతకొమ్మకు వేసిన ఉయ్యాల తాడు నాలుగు మీటర్లుంటే పోయి రావడానికి సుమారు నాలుగు సెకన్లు పడుతుంది. బక్కపిల్ల కూర్చున్నా, లావుపాటి అత్తయ్య కూర్చున్నా పెద్ద తేడా రాదు. నాలుగు సెకన్లకోసారి వేలితో తోసినా చాలు, కాసేపటికి కాళ్ళు ఆకులకు తగులుతాయి. ఆ వేళ తప్పి తోస్తే ఎంత బలంగా తోసినా ఉయ్యాల మీదికే వచ్చి కొడుతుంది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతే పెద్ద గంటతో చెప్పాడు. వేళకు తాడు లాగుతూ పోతే ఒక్క మనిషి అంత గంటనూ ఊపగలడు. తీరా గంట ఊపందుకున్నాక ఆపబోతే ఆరుగుర్ని పైకి ఎత్తేస్తుందట.

ఉయ్యాలలో నాదం ఎక్కడుందని అడిగితే, ఇంగ్లీషు మాటలో మాత్రం ఏముంది, అదీ శబ్దమే కదా అని అడగండి. ఈ సంగతిని మనుషులు మొదట చెవితో పట్టుకున్నారు. పేరు అక్కడ పుట్టింది. తరవాత ఉయ్యాలకు, వంతెనకు, రేడియో సర్క్యూట్‌కు అదే పేరు పాకింది.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. మా అమ్మ వీణ బొబ్బిలిది, అక్కడి గొల్లపల్లిలో చేయించినది, ఒకే పనస మొద్దు తొలిచిన ఏకాండి వీణ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ చిన్న కాగితం ముక్కను ఇంటికప్పులా మడిచి పక్కనున్న తాళం తీగల్లో పై షడ్జానికి బిగించిన తీగ మీద పెట్టింది. సారణి అనే వాయించే తీగ మీద ఒక మెట్టు నొక్కి మీటింది. కాగితం కదల్లేదు. ఒక్క మెట్టు ముందుకు జరిగి అదే షడ్జం మీటింది. ఎవరూ ముట్టుకోని ఆ తీగ మీద కాగితం గిలగిల్లాడి ఎగిరి నా ఒళ్ళో పడింది. "చూశావా, అది ఊఁ కొడుతోంది" అంది అమ్మ. కథ చెబుతుంటే మేం ఊఁ కొట్టేవాళ్ళం కదా, అలా అన్నమాట. తరవాత 31 ఏళ్ళు క్లాసులో నేను ఏ నిర్వచనం చెప్పినా ముందు ఆ మాటే చెప్పాను. చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేవాడు ఊఁ కొట్టేవాడు కాడు. కథ వెంట నడిచేవాడే ఊఁ కొడతాడు. అనునాదంలో 'అను' అంటే ఆ వెంట నడవడమే.

పిల్లలకు తెలియని మాట అంటున్నారు కాబట్టి ఒక సలహా. మాట మార్చకండి, ముందు వాళ్ళకు తెలిసిన చప్పుడు ఒకటి చూపించండి. కుళాయి కింద బిందె నిండటం వినని పిల్ల ఉండదు. మొదట బొడబొడమని లావుగా మొదలై, నిండేకొద్దీ గొంతు సన్నబడుతుంది. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు చూడకుండానే "బిందె నిండింది, కట్టెయ్" అంటారు. మా గాజు గొట్టం చేసేదీ అదే పని. ఆ పేరా తరవాత అనునాదం అన్న మాట పెట్టండి, ఎవరికీ బరువనిపించదు.

ఇంకొకటి. మీ పుస్తకంలో 1940 నవంబరులో అమెరికాలో కూలిన టకోమా వంతెన బొమ్మ ఉంటే జాగ్రత్త. దాన్ని అనునాదానికి ఉదాహరణగా చాలా పుస్తకాలు వేస్తాయి, నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. గాలి ఒక లయలో వచ్చి తోయలేదక్కడ. వంతెన మెలిక తిరిగేకొద్దీ ఆ మెలికే గాలి నుంచి ఇంకా బలం లాక్కుంది. అది వేరే పద్దు.

---

స్వరభక్తి జవాబు:

మాస్టారూ, మీ అమ్మగారి 'ఊఁ కొడుతోంది' చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. చిట్టిగూడు గారూ, నేను భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మాట పుట్టుక సంగతి నేను చెప్తాను.

లాటిన్‌లో 'సొనారె' అంటే మోగడం, 'రె' అంటే మళ్ళీ. రెండూ కలిసి 'రెసొనారె', మళ్ళీ మోగడం. దాని నుంచి 'రెసొనాంతియా'. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. మీ ఎడిటర్ గారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లాటిన్‌లో ఆ మాటకు మొదటి అర్థం ప్రతిధ్వనే. క్రీస్తుకు ముందు 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విత్రువియస్ నాటకశాల కట్టడానికి స్థలం ఎంచుకోవడం గురించి రాస్తూ, ధ్వని దేనికో తగిలి వెనక్కొచ్చి చివరి అక్షరాలు రెండుసార్లు వినిపించే చోట్లను 'రెసొనాంతెస్' అన్నాడు. గొంతుకు తోడై దాన్ని నిండుగా చేసే మంచి చోట్లకు 'కొన్సొనాంతెస్' అని వేరే పేరు పెట్టాడు, అంటే కలిసి మోగేవి. ఇవాళ మాస్టారు చెప్పిన అర్థానికి దగ్గరగా ఉన్నది ఈ రెండో మాట. ఫిజిక్స్ చేతిలో పడ్డాక మొదటి మాటే రెండోదాని పని ఎత్తుకుంది. కాబట్టి ప్రతిధ్వని అన్నది రెండువేల ఏళ్ళ కిందటి అర్థానికి సరిపోయే దిద్దుబాటు. మీ పుస్తకానికి సరిపోదు.

తెలుగులో 'మారుమ్రోగు' చూడండి. మారు అంటే ఇంకోసారి, మ్రోగు అంటే మోగడం. 'రెసొనారె'ని ముక్కలు విడదీసి పేర్చినట్టే ఉంటుంది. ఎవరూ అనువదించలేదు, దానంతట అదే పుట్టింది. ఊరంతా మారుమోగింది అంటాం చూడండి, అక్కడ ఈ మాటను మించింది లేదు.

నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి ఇప్పుడు. లాటిన్ 'సొనుస్', సంస్కృతం 'స్వనం' ఒకే మూలధాతువు బిడ్డలు. పోలిక చూసి అంటున్న మాట కాదిది, దీనికి వరస ఉంది. సంస్కృతంలో 'స్వ' ఉన్నచోట లాటిన్‌లో తరచుగా 'సొ' వస్తుంది. మన స్వప్నం వాళ్ళకు సొమ్నుస్, నిద్ర. స్వసృ అంటే తోబుట్టువు, వాళ్ళకు సొరోర్. అలాగే స్వనం, సొనుస్. చిన్నప్పుడు అమరకోశం వల్లెవేసినవాళ్ళకు గుర్తుంటుంది:

శబ్దే నినాదనినదధ్వనిధ్వానరవస్వనాః
స్వాననిర్ఘోషనిర్హ్రాదనాదనిస్వాననిస్వనాః

అందులో స్వన, స్వాన, నిస్వాన, నిస్వన నాలుగూ ఆ ఇంటివే.

ఇదే 'స్వాన'కు ముందు 'అను' చేర్చిన మాట మన అలంకారశాస్త్రంలో ఉంది. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కవిత్వంలో పైకి చెప్పిన అర్థం తరవాత మెల్లగా తోచే రెండో అర్థాన్ని 'అనుస్వానసన్నిభం' అన్నాడు, అంటే వెంట మోగే మోత లాంటిది. తరవాత అభినవగుప్తుడు దాన్ని గంటతో పోల్చి వివరించాడు. కంచు గంట ఖంగుమన్నాక కొట్టిన దెబ్బ అయిపోతుంది, సన్నటి మోత మాత్రం గాలిలో సాగుతూ ఉంటుంది. కవిత్వం చదవడం అయిపోయాక మనసులో సాగేది ఆ మోత. సంగీతంలోనూ ఇదే ఊహ. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు స్వరానికి లక్షణం చెబుతూ 'శ్రుత్యనంతరభావీ యః స్నిగ్ధోఽనురణనాత్మకః' అన్నాడు. శ్రుతి వెంటనే పుట్టి, నున్నగా సాగే అనురణనమే స్వరం.

ఆనందవర్ధనుడి ఆ సిద్ధాంతానికి 'ధ్వని' అని పేరు, అది మన రోజువారీ మాటల్లోకి దిగిపోయింది కూడా. "ఆయన మాటల్లో ఏదో కోపం ధ్వనిస్తోంది" అంటాం. అక్కడ ధ్వనించడం అంటే చప్పుడు చెయ్యడం కాదు గదా.

మీ చివరి ప్రశ్నకు నా మటుకు నేను 'కథ నాతో రెజొనేట్ అయింది' అన్నచోట ఒకే మాట పెట్టను. తన బతుకే అందులో కనిపిస్తే 'అచ్చం నా సంగతే' అంటారు. చదివాక చాలాసేపు వదలకపోతే 'మనసులో మోగుతూనే ఉంది' అంటారు. ఇద్దరి ఆలోచన ఒకటైతే 'శ్రుతి కలిసింది' అనడం మనకు ఎప్పటి నుంచో ఉంది. అనునాదాన్ని మాత్రం అక్కడికి లాగొద్దు, పాఠం వాసనేస్తుంది.

---

నైట్ డ్యూటీ జవాబు:

నేను ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌ని. ఈ మాట నా ఉద్యోగం పేరులోనే ఉంది, అందుకని రాస్తున్నాను. ఎం.ఆర్.ఐ.లో 'ఆర్' ఈ రెజొనెన్సే.

మెషీన్‌లోంచి బయటికొచ్చిన పేషెంట్లు చాలామంది అడుగుతారు, "ఆ ఢబఢబ చప్పుడేనా బాబూ రెజొనెన్స్?" అని. కాదండీ. లోపల ఉండే గ్రేడియంట్ కాయిల్స్‌లో కరెంటు టకటకా మారుతుంటే పెద్ద అయస్కాంతం మధ్యలో అవి అదిరి చేసే మోత అది. అసలు రెజొనెన్స్‌కి చప్పుడే లేదు. మన ఒంట్లో నీళ్ళలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతంలో సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షల సార్లు బొంగరంలా తల తిప్పుతాయి. సరిగ్గా అదే పౌనఃపున్యంలో రేడియో తరంగం పంపితేనే అవి దాన్ని అందుకుంటాయి. ఆపేశాక తిరిగి సన్నటి సిగ్నల్ ఇస్తాయి. ఆ సిగ్నల్‌తోనే బొమ్మ తయారవుతుంది. 3 టెస్లా మెషీన్ అయితే ఆ లెక్క రెట్టింపు. పౌనఃపున్యం కాస్త పక్కకు పోయినా బొమ్మ చెడిపోతుంది, అందుకే ప్రతి పేషెంటుకూ మొదట మెషీన్ ఆ మధ్య పౌనఃపున్యాన్ని వెతుక్కుంటుంది.

మాస్టారు గారి గొట్టం కథ చదువుతుంటే నాకు అదే కళ్ళముందు కదిలింది. నీళ్ళ డబ్బా దించుతూ దించుతూ పలికే చోటు కోసం వెతకడం. రేపటి నుంచి భయపడే పేషెంట్లకు 'మీ ఒంట్లో నీళ్ళు ఊఁ కొట్టడమండీ, మీకు ఏమీ తెలియదు' అని చెప్పి చూస్తాను, మాస్టారు ఒప్పుకుంటే.

---

కృష్ణాతీరం జవాబు:

నిక్షేపంగా చెప్పండి నాయనా. మా అమ్మ ఉంటే సంతోషించేది.

---

చిట్టిగూడు మళ్ళీ:

మాస్టారు గారికి, స్వరభక్తి గారికి, నైట్ డ్యూటీ గారికి వేల దండాలు. నిన్న ఎడిటర్ గారికి ఫోన్ చేశాను. గోల్కొండ గోడ, గాజు గొట్టం రెండూ చెప్పాను. విత్రువియస్ సంగతి చెప్పి "మీరన్నదానికీ ఆధారం ఉందండీ" అన్నాక ఆవిడ గొంతు మెత్తబడింది. పదకొండు చోట్లా అనునాదం ఉంచడానికి ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, మొదటిసారి వచ్చేచోట పిల్లలకు అర్థమయ్యే ఉదాహరణ ఉండాలని.

అందుకని ఇవాళ పొద్దున్న మునిసిపాలిటీ నీళ్ళు వచ్చినప్పుడు మూడు బిందెలూ నేనే పట్టాను. స్టీలు బిందె, ఇత్తడి బిందె, ఒక ప్లాస్టిక్కుది. కళ్ళు మూసుకుని నిలబడి విన్నాను. ఇత్తడిది మెడ దగ్గరికొచ్చేసరికి గొంతు గబగబా పైకి పోయింది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు విని కుళాయి కట్టేస్తున్నాను గానీ, అది ఎందుకలా మారుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. తరవాత ఖాళీ బిందెలో మొహం పెట్టి కింది స్వరం నుంచి పై స్వరానికి ఊఁ అంటూ పోయాను. ఒక్కచోట బిందె మొత్తం చేతుల్లో అదిరింది! మా పాప నాలుగుసార్లు చేయించుకుంది.

పుస్తకంలో వాక్యం ఇలా రాశాను, చూసి చెప్పండి: "బిందె నిండేకొద్దీ లోపలి నీరు పలికే స్వరం సన్నబడుతుంది. దీన్ని అనునాదం అంటారు."

---

కృష్ణాతీరం జవాబు:

రెండు దిద్దుబాట్లు అమ్మా. పలికేది నీరు కాదు, నీటి పైన బిందెలో మిగిలిన గాలి. నీరు పెరిగేకొద్దీ ఆ గాలి తగ్గిపోతుంది, అందుకే స్వరం పైకి పోతుంది. రెండోది, సన్నబడటాన్ని అనునాదం అనరు. ధార చేసే గలగలలో వంద రకాల చప్పుళ్ళుంటాయి. వాటిలో తనకు సరిపడినదాన్ని మాత్రం ఆ గాలి ఎంచుకుని గట్టిగా పలుకుతుంది. ఆ ఎంచుకుని పలకడం అనునాదం.

ఇలా రాసి చూడండి: "బిందెలో మిగిలిన గాలి, ధార చేసే చప్పుళ్ళలో తనకు సరిపడిన స్వరాన్ని అందుకుని గట్టిగా పలుకుతుంది. దీన్ని అనునాదం అంటారు. నీరు పెరిగి గాలి తగ్గేకొద్దీ ఆ స్వరం సన్నబడుతుంది." మీరు బిందెలో మొహం పెట్టి ఊఁ అన్న సంగతి కూడా పుస్తకంలో పెట్టండి, 'మీరూ చేసి చూడండి' అన్న గడిలో. ఇత్తడి బిందె అయితే మేలు.